అప్‌డేట్ చేశాక మెయిల్ ఎందుకు ఆలస్యంగా మోగుతోంది? అపోహలు - వాస్తవాలు

ఫోన్‌కి కొత్త వెర్షన్ ఎక్కించిన రెండు మూడు రోజులకి వచ్చే ఫిర్యాదు దాదాపు ఒకే మాటల్లో ఉంటుంది: "ఫోన్ తెరవగానే పది మెయిళ్ళు ఒక్కసారిగా పడుతున్నాయి, తెరవకపోతే ఒక్కటీ మోగట్లేదు." సగం జవాబు ఈ మాటలోనే ఉంది. చాలామంది అది వినకుండానే సెట్టింగ్స్ అన్నీ కెలికేస్తారు. పది నిమిషాలకే గడువు తీరే ఓటీపీ, అరగంటలో మొదలయ్యే ఇంటర్వ్యూ లింకు ఇలా చేజారితే ఎవరికైనా చిరాకే. కానీ ముందు తేల్చుకోవాల్సింది మెయిల్ ఎక్కడ ఆగిందన్నది. ఆగే చోట్లు మూడు: పంపినవారి సర్వర్‌కీ మన సర్వర్‌కీ మధ్య, మన సర్వర్‌కీ ఫోన్లోని యాప్‌కీ మధ్య, యాప్‌కీ మన చెవికీ మధ్య. ఫోన్ అప్‌డేట్‌కి మొదటి దానితో ఏ సంబంధమూ లేదు.

అపోహ: అప్‌డేట్ తర్వాత మెయిల్ సర్వీసే స్లో అయిపోయింది

ఊహించక్కర్లేదు, చూసి చెప్పొచ్చు. జీమెయిల్ అయితే కంప్యూటర్ బ్రౌజర్‌లో ఆ మెయిల్ తెరిచి, పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' ఎంచుకోండి. ఫోన్ యాప్‌లో ఈ ఆప్షన్ ఉండదు. పైన కనిపించే పట్టికలో 'క్రియేటెడ్ ఎట్' అన్న వరుసలో మెయిల్ బయలుదేరిన టైమూ, దాని పక్కనే 'డెలివర్డ్ ఆఫ్టర్ 4 సెకండ్స్' లాంటి మాటా ఉంటాయి. ఉదాహరణకి మెయిల్ ఉదయం 10:12కి బయలుదేరింది, 4 సెకన్లలో జీమెయిల్‌కి చేరింది, మీ ఫోన్ మాత్రం 10:51కి మోగింది. అంటే 39 నిమిషాలూ ఫోన్ దగ్గరే పోయాయి. అలా కాకుండా అక్కడే 'డెలివర్డ్ ఆఫ్టర్ 2300 సెకండ్స్' అని ఉంటే ఫోన్‌ని తిట్టి లాభం లేదు.

వేరే మెయిల్ సర్వీసుల్లో హెడర్ (మెయిల్ ప్రయాణ వివరాలుండే భాగం) మొత్తం తెరిచి 'రిసీవ్డ్' అని మొదలయ్యే వరుసల్ని కింది నుంచి పైకి చదవాలి. ప్రతి సర్వర్ తన ముద్ర పైన వేసుకుంటూ పోతుంది కాబట్టి అన్నిటికంటే కిందిది మొదటి మజిలీ. ఇక్కడ చాలామంది బోల్తా పడేది టైమ్ జోన్ దగ్గర. అమెరికా పశ్చిమ తీరంలోని సర్వర్ 21:42 -0700 అని రాస్తే, మన టైము ప్రకారం అది మర్నాడు ఉదయం 10:12. చలికాలంలో అదే -0800 అవుతుంది, అప్పుడు 12:30 బదులు 13:30 గంటలు కలపాలి. ఇది చూసుకోకుండా "మెయిల్ పన్నెండు గంటలు లేటు" అని కంపెనీ ఐటీ వాళ్ళతో గొడవకి దిగేవాళ్ళు తక్కువేం కాదు.

సర్వర్ల మధ్య నిజంగానే ఆలస్యమైతే మామూలు కారణం గ్రేలిస్టింగ్. ముందెన్నడూ మెయిల్ పంపని సర్వర్ తలుపు తడితే, అవతలి సర్వర్ 451 లాంటి తాత్కాలిక కోడ్ ఇచ్చి 'తర్వాత రా' అని పంపేస్తుంది. స్పామ్ పంపేవాళ్ళు సాధారణంగా మళ్ళీ రారు, అసలైన సర్వర్ మాత్రం కాసేపాగి మళ్ళీ వస్తుంది. ఎంతసేపాగి అన్నది పంపే సర్వర్ సెట్టింగ్ మీద ఉంటుంది, అరగంట కావచ్చు. అందుకే ఒక కొత్త సైట్ నుంచి మొదటి ఓటీపీ రాక, రెండోది అడిగాక రెండూ కలిసి వస్తాయి. అప్పటికి మొదటిది చెల్లదు. ఎప్పుడూ చివరగా అడిగిన ఓటీపీనే కొట్టండి.

అపోహ: మెయిల్ అంటే తనంతట తనే వచ్చి పడుతుంది

కొన్నిటికి వచ్చి పడుతుంది, కొన్నిటికి ఫోనే వెళ్ళి తెచ్చుకోవాలి. మొదటిది పుష్, రెండోది ఫెచ్. పీఓపీ3 (మెయిళ్ళని సర్వర్ నుంచి ఫోన్‌కి దించుకునే పాత పద్ధతి) అకౌంట్‌కి పుష్ లేనే లేదు. ఐమ్యాప్‌లో (మెయిల్ సర్వర్‌లోనే ఉండి ఫోన్లో కనిపించే పద్ధతి) 'ఐడిల్' అనే ఏర్పాటు 1997 నుంచి ఉంది: ఫోన్ సర్వర్‌తో ఒక లైను తెరిచి ఉంచుతుంది, కొత్త మెయిల్ రాగానే సర్వర్ ఆ లైనులోనే కబురు పెడుతుంది. ఆ లైను తెగకుండా 29 నిమిషాలకి ఒకసారైనా ఫోన్ దాన్ని పునరుద్ధరించాలి. ఫోన్ మంచి నిద్రలో ఉండి ఆ పని చేయకపోతే లైను తెగుతుంది. తెగిన సంగతి యాప్‌కి తెలిసేది మీరు తెరిచినప్పుడే.

ఐఫోన్ వాడేవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. యాపిల్ మెయిల్ యాప్‌లో జీమెయిల్ పెట్టుకుంటే పుష్ రాదు. ఉచిత అకౌంట్లకి ఆ దారి గూగుల్ 2013 జనవరి 30 తర్వాత కొత్త పరికరాలకి మూసేసింది. కాబట్టి మిగిలింది ఫెచ్. దాని సెట్టింగ్ ఐఓఎస్ 18 నుంచి సెట్టింగ్స్, యాప్స్, మెయిల్, మెయిల్ అకౌంట్స్, ఫెచ్ న్యూ డేటా అనే వరుసలో ఉంటుంది. అంతకు ముందు 'యాప్స్' అన్న మెట్టు లేదు, అప్‌డేట్ అయ్యాక పాత చోట వెతికి "ఆప్షనే తీసేశారు" అనుకునేది అందుకే. లోపల 'ఆటోమేటిక్‌గా' అన్నది చూడ్డానికి మంచి ఎంపికలా ఉంటుంది గానీ, అది పెడితే ఫోన్ చార్జింగ్‌లో ఉండి వైఫైకి కలిసి ఉన్నప్పుడే వెనకాల మెయిల్ తెస్తుంది. జేబులో పెట్టుకుని బస్సెక్కితే అంతే సంగతులు. దాన్ని 15 నిమిషాలకి మార్చండి, అంతకంటే తక్కువ లేదు. లో పవర్ మోడ్ ఆన్‌లో ఉంటే ఈ ఫెచ్ కూడా ఆగిపోతుంది. జీమెయిల్ వెంటనే మోగాలంటే జీమెయిల్ సొంత యాప్ పెట్టుకోవడమే దారి. ఐక్లౌడ్, ఆఫీస్ ఎక్స్చేంజ్ అకౌంట్లకి మాత్రం యాపిల్ మెయిల్‌లోనే పుష్ పనిచేస్తుంది.

అపోహ: బ్యాటరీ సేవర్ ఆఫ్ చేశాను, ఇక బ్యాటరీ సెట్టింగ్స్‌తో పని లేదు

అసలు తంటా అంతా ఇక్కడే. బ్యాటరీ సేవర్ అనేది పైకి కనిపించే స్విచ్ మాత్రమే, దాని వెనక కనీసం మూడు పొరలుంటాయి.

మొదటిది డోజ్. 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చింది. స్క్రీన్ ఆఫ్‌లో ఉండి, చార్జర్ లేకుండా, ఫోన్ కదలకుండా టేబుల్ మీద కాసేపు పడి ఉంటే సిస్టమ్ యాప్‌లకి నెట్ ఆపేస్తుంది, సింక్‌లు (సర్వర్‌తో సరిచూసుకునే పనులు) వాయిదా వేస్తుంది. మధ్యమధ్య కాసేపు తలుపు తీసి, పేరుకున్న పనులన్నీ కానిచ్చి మళ్ళీ మూసేస్తుంది. ఫోన్ ఎంతసేపు కదలకుండా ఉంటే ఆ విరామాలు అంత దూరమవుతాయి. ఆండ్రాయిడ్ 7 నుంచి జేబులో కదులుతున్న ఫోన్‌కీ దీని తేలికపాటి రూపం వర్తిస్తుంది. స్క్రీన్ వెలిగిందా, డోజ్ పోతుంది, ఆగిన మెయిళ్ళన్నీ గుప్పున దిగుతాయి. మొదట్లో చెప్పిన ఫిర్యాదు గుర్తుంది కదా, దాని గుట్టు ఇదే.

రెండోది యాప్‌ల తరగతులు. ఆండ్రాయిడ్ 9 నుంచి మీరు ఎంత తరచుగా తెరుస్తారన్న దాన్నిబట్టి ప్రతి యాప్‌నీ ఒక బకెట్‌లో వేస్తుంది: యాక్టివ్, వర్కింగ్ సెట్, ఫ్రీక్వెంట్, రేర్. నోటిఫికేషన్ చూసి పక్కకి తోసేయడమే తప్ప యాప్ తెరవని వాళ్ళ మెయిల్ యాప్ మెల్లగా కిందికి జారుతుంది. డెవలపర్ ఆప్షన్స్‌లో (సెట్టింగ్స్‌లో మామూలుగా దాగి ఉండే పేజీ) 'స్టాండ్‌బై యాప్స్' తెరిస్తే మీ మెయిల్ యాప్ ఏ బకెట్‌లో ఉందో పేరుతో సహా కనిపిస్తుంది.

మూడోది ఫోన్ కంపెనీ సొంత పొర, అన్నిటికంటే మొండిది. పెద్ద అప్‌డేట్ తర్వాత మీరు ముందు ఇచ్చిన మినహాయింపులు కొన్నిసార్లు చెరిగి మొదటికొస్తాయి. కాబట్టి ఇప్పటికే చేశానని వదిలేయకుండా మళ్ళీ చూడండి. పేర్లు మోడల్‌ని బట్టి కాస్త అటూఇటూ ఉంటాయి.

శాంసంగ్‌లో బ్యాటరీ సెట్టింగ్స్‌లోని 'బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్ లిమిట్స్' తెరవండి. మెయిల్ యాప్ 'డీప్ స్లీపింగ్' జాబితాలో ఉంటే మీరు తెరిచేదాకా అది వెనకాల నడవనే నడవదు. అక్కడి నుంచి తీసి 'నెవర్ ఆటో స్లీపింగ్' జాబితాలో చేర్చండి. రెడ్‌మీ, పోకోల్లో యాప్ ఇన్ఫోలో 'ఆటోస్టార్ట్' ఆన్ చేసి, బ్యాటరీ సేవర్ వరుసలో 'నో రిస్ట్రిక్షన్స్' పెట్టాలి. రెండూ చేయాలి, ఒకటే చేసి ఊరుకుంటే ఫలితం ఉండదు. రియల్‌మీ, ఒప్పోల్లో యాప్ బ్యాటరీ పేజీలో ఆటో లాంచ్‌కీ, బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీకీ అనుమతి ఇవ్వాలి. వివోలో బ్యాటరీ సెట్టింగ్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ పవర్ వాడకాన్ని చూసే పేజీ ఉంటుంది, మెయిల్ యాప్‌ని అక్కడ అనుమతించాలి. పిక్సెల్ లాంటి వాటిలో యాప్ బ్యాటరీ వాడకాన్ని 'అన్‌రిస్ట్రిక్టెడ్' చేస్తే చాలు.

ఇలా సడలించేది మెయిల్ యాప్ ఒక్కదానికే. కోపంతో ముప్పై యాప్‌లకి తలుపులు తెరిచేస్తే సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ. ఇంకో మాట, 'గూగుల్ ప్లే సర్వీసెస్' బ్యాటరీ తింటోందని దాన్ని మాత్రం కట్టడి చేయకండి. జీమెయిల్‌కి కొత్త మెయిల్ వచ్చిందన్న కబురు దాని ద్వారానే ఫోన్‌కి చేరుతుంది.

అపోహ: రీసెంట్స్ తుడిచేస్తే ఫోన్ ఫాస్ట్ అవుతుంది

రీసెంట్స్ అంటే ఇటీవల తెరిచిన యాప్‌ల జాబితా. మామూలు ఆండ్రాయిడ్‌లో యాప్‌ని అందులోంచి పక్కకి తోసినంత మాత్రాన మెయిల్ ఆగదు. కొన్ని కంపెనీల ఫోన్లలో మాత్రం అలా తోస్తే యాప్‌ని పూర్తిగా చంపేసినట్టే. ఇక యాప్ ఇన్ఫోలోని 'ఫోర్స్ స్టాప్' ఏ ఫోన్లోనైనా పూర్తి తాళం: మీరు మళ్ళీ తెరిచేదాకా ఏ కబురూ లోపలికి పోదు. క్లీనర్ యాప్‌ల 'బూస్ట్' బటన్ కూడా ఈ తరహాదే. రీసెంట్స్‌లో మెయిల్ యాప్ మీద తాళం గుర్తు పెట్టే వీలుంటే పెట్టేయండి.

అపోహ: సింక్ టైము ఒక నిమిషానికి తగ్గిస్తే సరి

ఆండ్రాయిడ్‌లో నియమిత వ్యవధిలో నడిచే వెనకాల పనులకి కనీస విరామం 15 నిమిషాలు. అది కూడా డోజ్ ఒప్పుకుంటేనే. పుష్ ఉన్న అకౌంట్‌ని పట్టుకుని ఫెచ్ వ్యవధి తగ్గించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అపోహ: మోగలేదంటే మెయిల్ రాలేదన్నమాట

మెయిల్ టైముకే యాప్‌లో దిగి, గంట మాత్రం మోగకపోవడం చాలా మామూలు. జీమెయిల్ యాప్‌లో మీ అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి నోటిఫికేషన్స్ వరుస చూడండి: 'ఆల్', 'హై ప్రయారిటీ ఓన్లీ', 'నన్' అని ఉంటాయి. మధ్యది పెట్టి ఉంటే ముఖ్యమని జీమెయిల్ అనుకున్నవే మోగుతాయి. 'మేనేజ్ లేబుల్స్'లో ఒక్కో లేబుల్‌కి (జీమెయిల్ మెయిళ్ళని సర్దే విభాగం) సింక్, నోటిఫికేషన్ విడివిడిగా పెట్టుకోవచ్చు. ప్రమోషన్స్, అప్‌డేట్స్ ట్యాబ్‌లకి నోటిఫికేషన్ పెట్టకపోతే అక్కడ పడ్డ బ్యాంకు మెయిల్, హాల్ టికెట్ కబురూ నిశ్శబ్దంగా కూర్చుంటాయి. ప్రతి మెయిల్‌కీ మోగాలంటే ఆ లేబుల్‌లో 'నోటిఫై ఫర్ ఎవ్రీ మెసేజ్' టిక్ ఉండాలి. ఔట్‌లుక్‌లో ఇదే పాత్ర 'ఫోకస్డ్', 'అదర్' విభాగాలది.

ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా పెట్టిన యాప్ నోటిఫికేషన్లకి మిమ్మల్ని అనుమతి అడగాలి. మెయిల్ రావట్లేదని యాప్ తీసేసి మళ్ళీ పెట్టి, అడిగినప్పుడు అలవాటుగా 'డోంట్ అలౌ' నొక్కితే ఉన్న కాస్త చప్పుడూ పోతుంది.

అపోహ: 5జీ ఉంది, నెట్ సమస్య కాదు

మెయిల్ కబురుకి వేగంతో పని లేదు, తెగని లైను కావాలి. ఆండ్రాయిడ్‌లో ఆ కబుర్లు ఎక్కువగా 5228 నుంచి 5230 వరకు ఉన్న పోర్టుల (నెట్‌లో డేటా వచ్చిపోయే, నంబర్లున్న ద్వారాలు) మీద వస్తాయి. ఆఫీసు, కాలేజీ వైఫైల్లో వాటిని మూసేయడమో, ఊరికే ఉన్న లైనుని కొద్ది నిమిషాలకే కోసేయడమో జరుగుతుంది. అక్కడ యూట్యూబ్ హాయిగా నడుస్తుంది, మెయిల్ మాత్రం మోగదు. గంటసేపు వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఉంచి చూస్తే తేలిపోతుంది. వీపీఎన్, డేటా సేవర్ కూడా అప్పుడే ఆపి చూడండి.

అపోహ: ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఏదైనా పోతుంది

పోతుంది, పనికొచ్చేవి కూడా. ముందు ప్లే స్టోర్‌లో మెయిల్ యాప్‌ని అప్‌డేట్ చేయండి. ఒక రాత్రి ఫోన్‌ని వైఫైతో చార్జింగ్‌లో ఉంచండి, పెద్ద అప్‌డేట్ తర్వాత మిగిలిపోయిన యాప్ సర్దుబాట్లు అప్పుడే పూర్తవుతాయి. తర్వాత రీస్టార్ట్, ఆపైన యాప్ స్టోరేజ్‌లో 'క్లియర్ క్యాష్'. పక్కనే ఉండే 'క్లియర్ డేటా' వేరు: ఫోన్లో పెట్టుకున్న మొబైల్ సంతకం, లేబుల్ నోటిఫికేషన్లు, అవుట్‌బాక్స్‌లో ఆగిన మెయిల్ పోతాయి. ఆఖరి మెట్టు అకౌంట్ తీసి మళ్ళీ పెట్టడం. పీఓపీ3 అకౌంట్ అయితే సర్వర్‌లో కాపీ ఉందో లేదో చూడకుండా ఆ పని చేయొద్దు, పాత మెయిళ్ళు ఫోన్లోనే ఉండి ఉండొచ్చు. రీసెట్ దాకా వెళ్ళినా కంపెనీ పొర మళ్ళీ అవే కట్టడులతో మొదలవుతుంది, మినహాయింపులు మళ్ళీ మీరే ఇవ్వాలి.

బాగైందో లేదో చూసే పద్ధతిలోనూ పొరపాటు జరుగుతుంది. స్క్రీన్ వెలిగించి చేతిలో పట్టుకునో, చార్జర్‌కి తగిలించో పరీక్ష మెయిల్ పంపితే ఎప్పుడూ వెంటనే వస్తుంది, ఎందుకంటే ఆ రెండు సందర్భాల్లోనూ డోజ్ ఉండదు. చార్జర్ తీసి, స్క్రీన్ ఆపి, ఫోన్‌ని టేబుల్ మీద బోర్లా పెట్టి గంటన్నర ముట్టుకోకండి. తర్వాత ఇంకొకరి అకౌంట్ నుంచి పది నిమిషాల తేడాతో మూడు మెయిళ్ళు పంపించి, ఒక్కోటి మోగిన నిమిషం కాగితం మీద రాసుకోండి. మూడూ విడివిడిగా, పంపిన నిమిషంలోనే మోగితే పని అయినట్టు. మూడూ కలిసి ఒకేసారి మోగితే ఆ ఫోన్లో ఇంకా ఒక స్విచ్ మిగిలే ఉంది.