ఫోన్ తరం తెలియాలంటే పేరు కాదు, మోడల్ నంబర్ చూడండి

డిస్‌ప్లే పగిలిందని ఫోన్ పట్టుకుని రిపేర్ షాపుకు వెళ్తే, అక్కడి అబ్బాయి మొదట అడిగేది మోడల్ నంబరే. పేరు చెబితే సరిపోదా అంటే, సరిపోదు. 2013లో వచ్చిన గెలాక్సీ ఎస్4నే తీసుకోండి. ఐ9500 అనే మోడల్ నంబర్ ఉన్నదాంట్లో శాంసంగ్ సొంత ఎక్సినోస్ చిప్ ఉంటే, 4జీతో వచ్చిన ఐ9505లో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఉండేది. పెట్టె మీద పేరు ఒకటే, లోపల బోర్డు వేరు, ఒకదాని సాఫ్ట్‌వేర్ ఇంకోదానికి పనికిరాదు.

పేర్లు పెట్టేది ఫోన్ అమ్మడానికి, అందుకే అవి ఎటైనా దూకుతాయి. 2019లో ఎస్10 వస్తే, మరుసటి ఏడాది ఏకంగా ఎస్20 వచ్చింది. నంబర్లు మాత్రం అలా దూకలేదు: ఎస్9 జీ960, ఎస్10 జీ973, ఎస్20 జీ980. అంటే ఎక్కింది ఒక్క మెట్టే! ఇదే వరుసలో ఒకచోట మాత్రం నంబరూ దూకింది: ఎస్7 జీ930 అయితే ఎస్8 నేరుగా జీ950, మధ్యలో 940 లేదు. కొరియన్‌లో నాలుగుకీ చావుకీ ఒకే పలుకు, అక్కడ చాలామంది ఆ అంకెను తప్పిస్తారు, ఇక్కడా కారణం అదేనని నా నమ్మకం.

నాకు బాగా నచ్చేది యాపిల్ పద్ధతి. ప్రతి ఐఫోన్‌కూ సాఫ్ట్‌వేర్ లోపల ఇంకో గుర్తు ఉంటుంది. 2007 నాటి మొదటి ఫోన్‌ది 1,1. తర్వాతి ఏడాది 3జీ మోడల్ వచ్చినా దానికి 2 ఇవ్వలేదు, 1,2 అన్నారు, ఎందుకంటే ప్రాసెసర్ పాతదే. కామాకు ముందున్నది తరం, తర్వాతది ఆ తరంలో రకం అనుకోవచ్చు. ఇప్పుడు ఈ లెక్కతో 2022కి రండి: ఐఫోన్ 13 గుర్తు 14,5, ఐఫోన్ 14 గుర్తు 14,7. రెండింట్లోనూ ఏ15 చిప్పే, పేరులో మాత్రం ఒక అంకె పెరిగింది. అదే రోజు అమ్మకానికి వచ్చిన 14 ప్రో మాత్రం 15,2, అందులో ఏ16 ఉంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు ఇది మరీ అవసరం. మూడో తరం ఐఫోన్ ఎస్ఈ పైకి అచ్చం ఐఫోన్ 8లాగే ఉంటుంది, పక్కపక్కన పెడితే గుర్తుపట్టడం కష్టం. కానీ ఎనిమిది 10,1 అయితే ఈ ఎస్ఈ 14,6, అంటే ఐఫోన్ 13 తరం. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17 ఎస్ఈకి వచ్చింది, ఎనిమిదికి ఐఓఎస్ 16తోనే ఆగిపోయింది.