నలుగురు కలిసి వాయిస్తే ఇల్లు గడుస్తుందా?

తిరుపతిలో వయొలిన్ నేర్చుకునే పిల్లలు ఇప్పుడు ఫోన్లలో స్ట్రింగ్ క్వార్టెట్లు చూస్తున్నారు. రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన వయోలా ఒకటి, ఇంకా పెద్దదైన చెల్లో ఒకటి. ఇలా నలుగురం కలిసి వాయించుకుంటూ బతకొచ్చా అనే ప్రశ్న వాళ్లకి రావడం సహజం. బతికినవాళ్లున్నారు. వాళ్లలో చాలామందికి వెనక నెల జీతం ఉంది.

1808లో వియన్నాలో రజుమోవ్‌స్కీ అనే రష్యన్ ప్రభువు, షుపాన్‌జిగ్ అనే వయొలిన్ విద్వాంసుడి బృందాన్ని జీతానికి పెట్టుకున్నాడు. సంగీత రచయిత బీథోవెన్ తన రచనల్ని వాళ్లచేత వాయించి చూసుకునేవాడు. 1814 డిసెంబర్ 31 రాత్రి ఆ ప్రభువు భవనం తగలబడింది. 1816కల్లా బృందం చెదిరిపోయింది, షుపాన్‌జిగ్ రష్యా దారి పట్టాడు.

ప్రభువులు పోయాక విశ్వవిద్యాలయాలు ఆ బాధ్యత తీసుకున్నాయి. 1940లో బెల్జియం మీద జర్మనీ దాడి చేసేనాటికి, ఆ దేశపు బృందమైన ప్రో ఆర్టే క్వార్టెట్ అమెరికాలో కచేరీలు చేస్తోంది. తిరిగి వెళ్లే దారి లేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లని ఉద్యోగంలోకి తీసుకుంది. మనుషులు మారినా బృందం ఇంకా అక్కడే ఉంది.

నన్ను ఎక్కువగా కదిలించేది అమెడియస్ క్వార్టెట్ కథ. హిట్లర్ నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరిన ముగ్గురు యూదు కుర్రాళ్లని యుద్ధకాలంలో శత్రుదేశస్థులంటూ అక్కడి ప్రభుత్వం నిర్బంధించింది. పరిచయాలు ఆ శిబిరాల్లోనే అయ్యాయి. వాళ్లతో చెల్లో వాద్యకారుడు మార్టిన్ లోవెట్ కలిశాడు. ముగ్గురూ వయొలిన్ వాళ్లే కాబట్టి, పీటర్ షిడ్లాఫ్ వయొలిన్ వదిలి వయోలా పట్టుకున్నాడు. 1947 నుంచి నలభై ఏళ్లు ఆ నలుగురే. 1987లో షిడ్లాఫ్ చనిపోతే, ఇంకొకరిని తెచ్చుకోకుండా మిగతా ముగ్గురూ బృందాన్ని ముగించేశారు.

మన దగ్గర దారి వేరు. కర్ణాటక సంగీతంలో వయొలిన్‌ని పాటకి పక్కవాద్యంగా నేర్పుతారు. కింద కూర్చుని, వాద్యం కొసని కుడి పాదం మీద ఆన్చి, గాయకుడి శ్రుతికి తీగెలు సవరించుకుంటారు. అతను తోడి రాగం ఆలపిస్తే వెంటనే ఆ నీడలో నడవాలి. క్వార్టెట్‌లో అంతా రాసే ఉంటుంది, నలుగురి స్వరాలు నాలుగు దారుల్లో పోతాయి. మన పిల్లల చెవి చాలా చురుకైనది, కానీ ఈ కాగితం చదువు విడిగా నేర్వాలి. వయోలా, చెల్లో నేర్పే గురువులు కూడా కావాలి.

బృందానికి జీతమివ్వడం మాత్రం తిరుపతికి కొత్త కాదు. నాదస్వరం, డోలు మేళం గుళ్లో నిత్య సేవల్లో నిలిచిందంటే దేవస్థానం పోషించబట్టే. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉన్న ఊళ్లో ఇది అడగడం అత్యాశ అనుకోను: నలుగురికి కలిపి మూడేళ్లు జీతం, రిహార్సల్‌కి ఒక గది. వయోలా ఎవరు పట్టుకోవాలో ఆ పిల్లలే తేల్చుకుంటారు.