సైన్‌ను వెనక్కి తిప్పితే వచ్చే కోణం ఏది?

కాలిక్యులేటర్‌లో 150 డిగ్రీలకు సైన్ చూడండి: 0.5. ఆ 0.5కే సైన్ ఇన్వర్స్ నొక్కితే 30 వస్తుంది, 150 రాదు. ఇందులో యంత్రం తప్పేమీ లేదు. సైన్ 0.5 అయ్యే కోణాలు లెక్కలేనన్ని: 30, 150, 390, 510... ప్రమేయం అన్నాక ఒక్క జవాబే చెప్పాలి. అందుకని సైన్ గ్రాఫులో −90 నుంచి 90 డిగ్రీల దాకా ఉన్న ముక్కను మాత్రం ఉంచుకుని, దాన్నే తిరగేస్తాం. ఆ ముక్కలో దొరికే కోణమే ప్రధాన విలువ. కాస్‌కు ఇదే ముక్క పనికిరాదు. 60కీ −60కీ కాస్ ఒకటే కదా! అక్కడ 0 నుంచి 180 దాకా తీసుకుంటాం.

ఇక గుర్తు సంగతి. సైన్ మీద 2 వేస్తే వర్గం, −1 వేస్తే మాత్రం విలోమ ప్రమేయం, 1ని సైన్‌తో భాగించడం కాదు. 1813లో జాన్ హెర్షెల్ తెచ్చిన ఈ రాతకు పిల్లలు తికమకపడితే తప్పు వాళ్లది కాదు.

టాన్‌తో చిక్కు ఇంకో రకం. అడ్డు, నిలువు నిరూపకాలు రెండూ −1 అయిన బిందువు ఏ దిశలో ఉంది? నిలువును అడ్డుతో భాగిస్తే 1, టాన్ ఇన్వర్స్ 45 డిగ్రీలు. కానీ బిందువు మూడో పాదంలో ఉంది. అసలు కోణం 225, అంటే −135. భాగించగానే రెండు మైనస్‌లూ కొట్టుకుపోయాయి, వాటితో పాటే దిశ కూడా. ప్రోగ్రాముల్లో నిరూపకాలను విడివిడిగా తీసుకునే ఏటాన్2 ఉన్నది ఇందుకే. చాలా భాషల్లో దానికి నిలువు నిరూపకం ముందు ఇవ్వాలి. ఎక్సెల్‌లో అడ్డుది ముందు.

అతిపరావలయ ప్రమేయాల్లో ఈ కోత బెడద తక్కువ. ఈ అనే స్థిర సంఖ్యను (2.718...) ఇచ్చిన ఘాతానికి ఎత్తి, అందులోంచి దాని వ్యుత్క్రమాన్ని తీసేసి సగం చేస్తే సైన్‌హెచ్, రెండింటినీ కలిపి సగం చేస్తే కాస్‌హెచ్. సైన్‌హెచ్ ఎప్పుడూ పెరుగుతూనే పోతుంది కాబట్టి ఏ ముక్కా కోయక్కర్లేదు. సైన్‌హెచ్ విలువ 0.75 కావాలంటే? ఈ ఘాతాన్ని ట అనుకుందాం. ట − 1/ట = 1.5. ఇరువైపులా టతో గుణిస్తే వర్గ సమీకరణం వస్తుంది. మూలాలు 2, −0.5. ఈ ఘాతం ఎన్నడూ ఋణం కాదు గనుక 2నే ఉంచుకోవాలి. దాని సహజ సంవర్గమానం 0.693, అదే జవాబు. విలోమ అతిపరావలయ సూత్రాల్లోకి సంవర్గమానం వచ్చిన దారి ఇదే.

కాస్‌హెచ్ మాత్రం వేలాడే గొలుసులా రెండు వైపులా పైకి లేస్తుంది. అందుకే కుడి సగాన్నే తిరగేస్తాం. ఇచ్చే సంఖ్య 1 కంటే తక్కువైతే వాస్తవ జవాబు లేదు.

సైన్‌హెచ్ విలోమానికి సూత్రం ఇది: సంఖ్య వర్గానికి 1 కలిపి, వర్గమూలం తీసి, మళ్లీ ఆ సంఖ్యనే కలిపి, సంవర్గమానం చూడాలి. కాగితం మీద ఇది ఎప్పుడూ సరైనదే. కంప్యూటర్‌కు −10 కోట్లు ఇచ్చి చూడండి. వర్గం 1 పక్కన 16 సున్నాలు. సుమారు 16 అంకెలే నిలిచే చోట దానికి కలిపిన 1 మాయమవుతుంది. వర్గమూలం సరిగ్గా 10 కోట్లు, మొత్తం సున్నా, సున్నాకు సంవర్గమానం లేదు. అసలు జవాబు −19.11. సైన్‌హెచ్ బేసి ప్రమేయం, అంటే సంఖ్య గుర్తు మారిస్తే విలువ గుర్తు మాత్రమే మారుతుంది కాబట్టి ముందు ధన సంఖ్యకు లెక్క కట్టి, చివర్లో మైనస్ తగిలిస్తే సరిపోతుంది.