స్వదేశీ సబ్బు, విదేశీ సబ్బు: గల్లా పెట్టె దగ్గర నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

మాది తెనాలిలో కిరాణా కొట్టు. నాన్న తర్వాత గల్లా దగ్గర నేను కూర్చోబట్టి ఇరవై రెండేళ్లు దాటింది. ఈలోగా "ఫలానా దేశం సరుకు కొనొద్దు" అనే గాలి నాలుగైదుసార్లు వీచి వెళ్లింది. 2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతం చేసింది కదా, ఆ వారమే మా వీధి కుర్రాడొకడు ఫోన్లో వాట్సాప్ లిస్టు పట్టుకుని వచ్చాడు. వాళ్ల మావయ్యకి రేపల్లె వైపు రొయ్యల చెరువులున్నాయి. రేటు పడిపోయిందని ఇంటిల్లిపాదీ మండిపోతున్నారు.

"బాబాయ్, ఇక మా ఇంట్లో అన్నీ స్వదేశీయే. బ్రిటానియా వద్దు. హమామ్ సబ్బులు నాలుగు, థమ్సప్ పెద్ద సీసా, ఎంటీఆర్ గులాబ్ జామూన్ పొడి ఇవ్వు" అన్నాడు. ఇచ్చాను. ఫోన్‌పే స్కాన్ చేసి వెళ్లిపోయాడు.

అడిగిన ప్రతిదీ తిరగబడిందే. బ్రిటానియా 1892లో కలకత్తాలో పుట్టిన కంపెనీ, ఇప్పుడు వాడియాల చేతిలో ఉంది. హమామ్ ఒకప్పుడు టాటాలదే. ఆ సబ్బుల కంపెనీ 1990ల్లో హిందుస్థాన్ లీవర్‌లో కలిసిపోయాక విదేశీ కంపెనీ యూనిలీవర్ గూటికి చేరింది. థమ్సప్‌ని పార్లే వాళ్లు 1977లో మొదలుపెట్టి, 1993లో కోకాకోలాకి అమ్మేశారు. ఎంటీఆర్ 2007 నుంచి నార్వే దేశపు ఓర్‌క్లాది. ఆఖరికి డబ్బు కట్టిన ఫోన్‌పేలో కూడా పెద్ద వాటా అమెరికా వాల్‌మార్ట్‌దే. కుర్రాడి కోపంలో తప్పేం లేదు, లిస్టులో ఉంది తప్పంతా. అప్పుడు చెబుదామంటే కొట్టు నిండా జనం. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పేరు చూస్తే ఏ దేశానిదో తెలిసిపోతుంది

దోమల మందుల అర దగ్గరికి రండి. గుడ్‌నైట్, ఆలౌట్ పక్కపక్కనే ఉంటాయి, రెండూ ఇంగ్లీషు పేర్లే. గుడ్‌నైట్ గోద్రెజ్ వాళ్లది. ఆలౌట్ మన దేశంలోనే మొదలైంది గానీ ఇప్పుడు అమెరికా కంపెనీది. పాలల్లో కలుపుకునే పొడుల సంగతీ అంతే. బోర్న్‌విటా అమెరికా వాళ్లది. హార్లిక్స్, బూస్ట్ 2020 నుంచి హిందుస్థాన్ యూనిలీవర్‌వి. కాంప్లాన్ మాత్రం గుజరాత్ జైడస్ వాళ్లు కొనుక్కున్నారు. అంటే వినడానికి దొరసాని పేరులా ఉండే కాంప్లాన్ ఇప్పుడు మనది. పేర్లు మారవు, యజమానులు మారుతుంటారు. ఐదేళ్ల కిందటి లిస్టు ఈరోజు పనికిరాదు.

కొన్నిటికైతే మనదో కాదో తేల్చడమే కష్టం. ఆశీర్వాద్ పిండి అమ్మే ఐటీసీ సంగతి చూడండి. 1910లో ఇంపీరియల్ టొబాకో అనే పేరుతో పుట్టింది. ఈనాటికీ అందులో అందరికంటే పెద్ద వాటాదారు బ్రిటిష్ అమెరికన్ టొబాకోనే, పావు వంతుకి కాస్త తక్కువ. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఇక్కడి బీమా సంస్థలు, ఫండ్లు, మామూలు జనం చేతుల్లో ఉంది. నడిపేవాళ్లు మనవాళ్లే. గుంటూరు, చీరాల వైపు ముసలాళ్లు ఐటీసీ పొగాకు విభాగమైన ఐఎల్‌టీడీ అంటే ఈరోజుకీ 'మన కంపెనీ' అంటారు. సారపాకలో కాగితం మిల్లు కూడా వాళ్లదే. ఆశీర్వాద్ పిండి స్వదేశీయా విదేశీయా అని నన్నడిగితే, మీ ఇష్టం అంటాను.

అపోహ: బార్‌కోడ్ 890తో మొదలైతే మన సరుకే

ఇది బాగా పాకిపోయింది. నేనే ఒకాయనకి చేసి చూపించాను. యూనిలీవర్ వాళ్ల లక్స్ సబ్బూ బ్రిటానియా మారీ బిస్కెట్ ప్యాకెట్టూ తెచ్చి పక్కపక్కన పెట్టాను. ఒకదాని మీద 8901030, ఇంకోదాని మీద 8901063. రెండూ 890లే. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ చదివాడు.

890 అంటే ఆ నంబరు మన దేశంలోని బార్‌కోడ్ నంబర్లిచ్చే జీఎస్1 ఇండియా దగ్గర తీసుకున్నారని, అంతే. యూనిలీవర్ భారతీయ శాఖ కూడా ఇక్కడే తీసుకుంటుంది, నెస్లే శాఖ కూడా. సరుకు ఎక్కడ తయారైందో, లాభం ఎవరిదో ఆ గీతల్లో ఉండదు. ప్యాకెట్ వెనక సన్నక్షరాల్లో తయారీదారు పేరు, చిరునామా ఉంటాయి. బయటి నుంచి దిగిన సరుకైతే దిగుమతిదారు పేరు, ఏ దేశమో కూడా రాయాలని తూనికలు కొలతల చట్టం చెబుతోంది. చదవాల్సింది అక్కడ. యజమాని ఎవరో మాత్రం అక్కడా రాయరు, అది వేరే వెతుక్కోవాల్సిందే.

అపోహ: విదేశీ కంపెనీ సబ్బు కొంటే డబ్బంతా బయటికి పోతుంది

దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చుందాం, అసలు గొడవంతా ఇక్కడే.

హిందుస్థాన్ యూనిలీవర్‌నే తీసుకుందాం, నా అరల్లో ఎక్కువ చోటు వాళ్లదే. ఏడాదికి అమ్మకం సుమారు 60 వేల కోట్లు, నికర లాభం 10 వేల కోట్ల పైచిలుకు. ఆ లాభం దాదాపుగా డివిడెండు కింద పంచేస్తారు. అందులో 62 శాతం దాకా లండన్ యూనిలీవర్‌కి వెళ్తుంది. మిగతాది షేర్లున్న మిగతావాళ్లకి, ఎక్కువగా మనవాళ్లకే. ఇది కాక రాయల్టీ, సేవల రుసుము అని ఒకటుంది. దాన్ని అమ్మకంలో 2.65 శాతం నుంచి మూడేళ్లలో 3.45 శాతానికి పెంచుతామని 2023 జనవరిలో ప్రకటించారు.

లెక్క వేయండి. మీరు నా దగ్గర 100 రూపాయల సబ్బులు కొన్నారు. అందులోంచి జీఎస్టీ పోవాలి (2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బుల మీద 18 నుంచి 5 శాతానికి దిగింది), తర్వాత నా మార్జిన్, డిస్ట్రిబ్యూటర్ మార్జిన్. అటూ ఇటూగా 80 రూపాయలు కంపెనీకి చేరతాయి. ఆ 80లో లాభం వాటా, రాయల్టీ కలిపి బయటికి పోయేది పది పన్నెండు రూపాయలు. పన్ను పట్టుకున్నాక ఇంకొంచెం తగ్గుతుంది. మిగతా డబ్బు ఫ్యాక్టరీ జీతాలకీ, లారీకీ, సినిమా తారల ప్రకటనలకీ, ముడిసరుకుకీ పోతుంది.

ముడిసరుకు అన్నాను కదా, తమాషా అక్కడుంది. ఒంటి సబ్బు మీద 'టీఎఫ్‌ఎమ్ 76 శాతం' అని చూసే ఉంటారు. అంటే సబ్బులో ముప్పాతిక వంతు కొవ్వే. ఆ కొవ్వులో ఎక్కువ భాగం పామాయిల్ నుంచి వస్తుంది. అది వచ్చేది ఇండోనేషియా, మలేషియాల నుంచి. సబ్బు మీద యజమాని ఇంగ్లీషువాడైనా, మనవాడైనా, కాషాయం కట్టినాయనైనా ఈ బిల్లు మాత్రం తప్పదు. స్వదేశీ సబ్బు కొంటే లాభం ఇక్కడే ఉంటుంది, అది నిజం. నూనె డబ్బు ఆగదు.

పది పన్నెండు రూపాయలే కదా అని నేను కొట్టిపారేయడం లేదు. నా కొట్టులో రోజుకి ఎన్ని సబ్బులు పోతాయో నాకు తెలుసు. వందకి వంద పోతోందని చెప్పి జనాన్ని రెచ్చగొడితే, అసలు లెక్క తెలిసిన రోజున పన్నెండు రూపాయల మీద కూడా పట్టింపు పోతుందని నా భయం.

ఈ లెక్కతోనే ఇంకో మాట. చిత్తూరు వైపు తోతాపురి, మన వైపు కలెక్టర్ కాయ అంటాం, ఆ గుజ్జు పెద్ద పెద్ద కూల్‌డ్రింకు కంపెనీలకీ పోతుంది. మాజా కూడా కోకాకోలాదే. 2025 వేసవిలో అక్కడ కాయ అడిగేవాడు లేక, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం ఇంకో 4 కలిపి 12 చేయాల్సి వచ్చింది. మామిడి రసం మానేసే ముందు ఆ రైతు గుర్తుకు రావాలి. నల్ల డ్రింకు మానేయండి, ఏ రైతూ ఏడవడు. రామచంద్రపురం ఆర్టోస్ దొరికితే అది తాగండి, నేనైతే తాగుతాను.

అపోహ: లూజు సరుకంతా మన నేలదే

ప్యాకెట్ల మీద కోపమొచ్చినవాళ్లు "లూజు పప్పులు ఇవ్వు చాలు" అంటారు. మా తెనాలిలో మినప మిల్లులున్నాయి. పంట చాలని ఏడు బర్మా మినుములు దిగుతాయి, బజారులో వాటికి ఆ పేరే. కందిపప్పులో మొజాంబిక్, టాంజానియా కందులుంటాయి. బఠాణీ కెనడా, రష్యాలది. నూనె సంగతి చెప్పనే అక్కర్లేదు. దేశం ఏటా సుమారు 160 లక్షల టన్నుల వంటనూనె బయట కొంటోంది. కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో దిగి, అక్కడి రిఫైనరీల్లో శుద్ధయి, తెలుగు పేర్లు పెట్టుకుని మన వంటింట్లోకి వస్తుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే సన్‌ఫ్లవర్ ప్యాకెట్ రేటు రోజుకోసారి మారి, నేను తిట్లు తిన్నది అందుకే. పామాయిల్ గెలలు పండించడంలో దేశంలో ముందున్నది మన ఏలూరు వైపే అయినా, దేశం తినేదాంట్లో అది చారులో కరివేపాకంత.

అగరుబత్తీ కూడా వదల్లేదు. దేవుడి ముందు వెలిగించే ఆ వెదురు పుల్ల చాలాకాలం చైనా, వియత్నాంల నుంచే వచ్చేది. 2020లో దిగుమతి సుంకం 25 శాతం చేశాక ఇక్కడ పుల్లలు చీరడం మళ్లీ పుంజుకుంది.

అపోహ: దెబ్బ మొదట కంపెనీకి తగులుతుంది

2020 జూన్ 15న గాల్వాన్‌లో 20 మంది మన సైనికులు పోయారు. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు అందులో ఉన్నారు. ఆ ఏడాది దీపావళికి నా దగ్గర సీరియల్ లైట్ల పెట్టెలు ముప్పై దాకా ఉన్నాయి. వేసవిలోనే హోల్‌సేల్ వాడికి డబ్బు కట్టేశాను. జనం పెట్టె తిప్పి చూసి, చైనా అని చదివి, అక్కడే పెట్టి వెళ్లారు. నేనెవర్నీ తప్పు పట్టను, ఆ రోజుల్లో నాకూ అమ్మబుద్ధి కాలేదు. కానీ చైనా ఫ్యాక్టరీకి డబ్బు ఎప్పుడో ముట్టింది. పోయింది నా డబ్బు. రెండేళ్ల తర్వాత సగం రేటుకి వదిలించుకున్నాను. తీగ పెళుసెక్కి, కొన్ని వెలగనే లేదు.

కంపెనీకి తెలిసేది నేను మళ్లీ ఆర్డరు పెట్టనప్పుడే. అంటే మీరు ఈరోజు మానేస్తే నాకు తెలుస్తుంది, మూడు నెలలు మానేస్తే డిస్ట్రిబ్యూటర్‌కి తెలుస్తుంది, ఏడాది మానేస్తేనే పైవాళ్లకి. ఇన్నేళ్లలో నేను చూసిన గాలుల్లో ఎక్కువ శాతం మూడు వారాలు దాటలేదు.

అపోహ: కొట్టువాడు "ఇది స్వదేశీ" అంటే నమ్మొచ్చు

నమ్మకండి. నన్ను కూడా. కొత్తగా బజారులోకి వచ్చే కంపెనీ కొట్టువాడికి మార్జిన్ ఎక్కువిస్తుంది, డజనుకి ఒకటి ఫ్రీ స్కీములు పెడుతుంది. బాయ్‌కాట్ గాలి వీచినప్పుడు ఆ పెట్టెలు గల్లా పక్కకి జరుగుతాయి. దేశభక్తి, మార్జిన్ రెండూ ఒకే ప్యాకెట్లో దొరికితే ఏ వ్యాపారి వద్దంటాడు?

అపోహ: ఇవన్నీ ఉత్త మాటలు, బాయ్‌కాట్‌తో ఒరిగేదేం లేదు

చైనా విషయంలో చూస్తే అలాగే అనిపిస్తుంది. గాల్వాన్ జరిగిన 2020-21లో అక్కడి నుంచి మన దిగుమతులు 65 బిలియన్ డాలర్లు, 2024-25కి 113 బిలియన్లు. దీపాల సరాలు మానేసినంత మాత్రాన ఫోన్ల విడిభాగాలూ మందుల ముడిసరుకూ ఆగవు కదా.

కానీ అదే 2025 మే నెలలో టర్కీ పాకిస్తాన్ పక్షం మాట్లాడినప్పుడు పుణె పండ్ల వ్యాపారులు టర్కీ ఆపిల్ ఆపేశారు. ఆపగలిగారు, ఎందుకంటే పక్కనే ఇంకో దేశపు ఆపిల్ ఉంది. మార్చిలో కెనడాలో ప్రభుత్వ మద్యం దుకాణాలు అమెరికా సీసాల్ని అరల్లోంచే తీసేస్తే, అమెరికా విస్కీ కంపెనీ పెద్దలే గగ్గోలు పెట్టారు. బదులు సరుకు చేతికందేచోట, లేదా అర మొత్తం ఖాళీ అయినచోట దెబ్బ తగులుతుంది. మన ఇళ్లలో అలాంటివి పేస్టు, సబ్బు, బట్టల పొడి, కూల్‌డ్రింకు, చిరుతిళ్లు. ఈ ఐదింటికీ నా కొట్టులో బదులు ఉంది. సంతూర్ విప్రోదే, మన రెండు రాష్ట్రాల్లో దాని అమ్మకం సంగతి అందరికీ తెలిసిందే.

మా వెనక వీధిలో రిటైరైన టీచరుగారొకరున్నారు. 2020లో పేస్టు, బట్టల సబ్బు, షాంపూ మార్చారు. లిస్టేం లేదు, ఆ మూడే. ఉపన్యాసాలూ లేవు. "అది కాదు నాయనా, ఇది" అని వేలు పెట్టి చూపించేవారు. వాళ్ల అపార్ట్‌మెంట్లో ఆమెని చూసి ఇంకో ఆరేడు ఇళ్లు మారాయి, ఇప్పటికీ అలాగే ఉన్నాయి. చిన్న కొట్టుకి ఎనిమిది ఇళ్లంటే తక్కువేం కాదు.

కొన్నాళ్లకి పేస్టు కంపెనీ సేల్స్‌మాన్ వచ్చి, చేతిలో ట్యాబ్ చూసుకుంటూ, "ఏంటన్నా, మీ బిల్లు ఇలా పడిపోయింది? పైనుంచి టెన్షన్ పెడుతున్నారు, కారణం రాయాలి" అన్నాడు. టీచరుగారి సంగతి చెప్పాను. అతను ట్యాబ్ నా వైపు తిప్పాడు. అందులో మూడే కారణాలున్నాయి: కొట్టు మూసి ఉంది, డబ్బు లేదు, స్టాకు ఉంది. కాసేపు చూసి, 'స్టాకు ఉంది' మీద నొక్కి, పక్క కొట్టుకి వెళ్లాడు.