గోస్తని నీళ్లలో సున్నం

గోస్తని నది అనగానే కొందరికి తణుకు వైపు పారేది గుర్తొస్తుంది. అది వేరు. నేను చెప్పేది అనంతగిరి కొండల్లో పుట్టి, దాదాపు 120 కిలోమీటర్లు పారి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసేది. తూర్పు కనుమలు ఇక్కడ సముద్రానికి బాగా దగ్గర, అందుకే ఈ వైపు నదులన్నీ పొట్టివే. వానలు పడితే పరుగు, ఎండాకాలం వస్తే ఇసుక.

అయితే దీని దారిలో బొర్రా గుహలున్నాయి. అరకు రైలు ఆ గుహల మీదుగానే పోతుంది, చాలామందికి ఆ సంగతే తెలీదు. లోపల గైడు టార్చి వేసి ఇదిగో శివలింగం, అదిగో ఆవు పొదుగు అని చూపిస్తుంటే అందరం తలలెత్తి చూస్తాం గానీ, ఆ కొండని తొలిచిన నీళ్లు కింద చీకట్లో పారుతున్నాయని ఎవరికీ తట్టదు. గోస్తని అన్న పేరు కూడా ఆ పొదుగు వల్లే వచ్చిందంటారు.

నీళ్లు రాయిని తొలవడమేంటి అంటారా? వాన నీరు గాల్లోంచి, అంతకంటే ఎక్కువగా అడవి మట్టిలోంచి, కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త పుల్లబడుతుంది, అంటే పలచటి సోడా లాంటిదన్నమాట. గ్రానైట్‌ని అది పెద్దగా ఏమీ చేయలేదు. బొర్రాలో ఉన్నది సున్నపురాయి, పగుళ్లలోకి దిగిన ఆ నీటికి కొద్దికొద్దిగా కరిగిపోతుంది. అదే నీరు గుహ కప్పు నుంచి బొట్టుగా వేలాడినప్పుడు అందులోని గ్యాస్ గాల్లోకి పోతుంది, ఇక సున్నాన్ని పట్టి ఉంచుకోలేక బొట్టు చుట్టూ సన్నటి తెల్ల ఉంగరంలా వదిలేస్తుంది. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున గోకినా పోని తెల్ల పొర ఉంటుందే, దాదాపు అదే సరుకు. ఉంగరం మీద ఉంగరం చేరి పొదుగులా వేలాడే స్టాలక్టైట్ అవుతుంది, కింద పడిన బొట్ల నుంచి స్టాలగ్‌మైట్ పైకి లేస్తుంది. జానెడు పెరగాలంటే వందలు, వేల ఏళ్లు. మనం చేత్తో తడిమితే చర్మం జిడ్డు అంటుకుని ఆ పెరుగుదల దెబ్బతింటుంది, అయినా తడమని వాళ్లుండరు!

కరిగిన సున్నమంతా గుహలో మిగలదు. కొంత నీళ్లతో పాటే కొండ దిగి, 1960ల్లో కట్టిన తాటిపూడి జలాశయానికి చేరుతుంది. అక్కణ్నుంచి కొన్ని నీళ్లు విజయనగరం పొలాలకి, కొన్ని విశాఖ కుళాయిలకి పోతాయి. మిగిలినవి భీమిలి దాకా వెళ్లి, అలలు పోసిన ఇసుక పక్కగా సముద్రంలో పడతాయి. అక్కడ నత్తలు, ఆల్చిప్పలు నీళ్లలోంచి, సున్నంలో ఉండే ఆ కాల్షియాన్నే తీసుకుని పెంకులు కట్టుకుంటాయి. భీమిలి బీచిలో పిల్లలు ఏరుకునే గవ్వల్లో బొర్రా కొండ కూడా రవ్వంత ఉండొచ్చు.