మంచి ట్యాబ్ కొన్నాకే మొదలుపెడతారా? డిజిటల్ డూడుల్స్‌పై అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం వైజాగ్ ఎంవీపీ కాలనీలో నా డూడుల్స్ (చిన్న చిన్న గీతల నమూనాలు) క్లాసు అయిపోయాక ఒకావిడ వెనకే ఆగి, "మేడం, ఏ ట్యాబ్ కొనమంటారు?" అని అడిగారు. ఇప్పటిదాకా ఏం గీశారండీ అంటే, ఏమీ లేదట, ట్యాబ్ వచ్చాకే మొదలుపెడదామని ఎనిమిది నెలల నుంచి రేట్లు చూస్తున్నారట. ఇదే ప్రశ్న వారానికి ఇద్దరైనా అడుగుతారు, నేనూ అదే జవాబు చెప్పి చెప్పి విసిగిపోయాను.

అపోహ: ఖరీదైన ట్యాబ్, నొక్కుడును బట్టి గీత మందం మార్చే పెన్ను లేకపోతే పాటర్న్స్ రావు.

వాస్తవం: ఎందుకు రావు? మనం గీసేదే ఒకే మందం గీత. కాగితం మీద జెంటాంగిల్ (చిన్న గీతల నమూనాలతో కాగితం నింపే పద్ధతి) వేసేవాళ్లు వాడేది మూడున్నర అంగుళాల చదరపు ముక్క, 0.25 మి.మీ. పెన్ను, అంతే. ఆ పెన్నుని గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా దాదాపు ఒకే గీత పడుతుంది. అలాంటప్పుడు పెన్ను నొక్కుడుని 4096 మెట్లుగా గుర్తిస్తుందా, 8192 మెట్లుగానా (ప్రెషర్ లెవెల్స్) అని యూట్యూబ్‌లో రాత్రి రెండింటిదాకా చూడటం దేనికి? అవి పెయింటింగ్ చేసేవాళ్ల గొడవలు. అంతెందుకు, ఐప్యాడ్ మీద గీసే యాపిల్ పెన్సిల్ యూఎస్‌బీ-సీ మోడల్‌లో అసలు నొక్కుడుని గుర్తించడమే లేదు, అయినా ఒకే మందం గీత వేసే మోనోలైన్ బ్రష్‌తో మన పని హాయిగా జరిగిపోతుంది. తెర మీద గీసే చదరం, అదే కాన్వాస్ సంగతి అంటారా, మూడున్నర అంగుళాలు అంగుళానికి 300 చుక్కల (డీపీఐ) లెక్కన 1050 పిక్సెల్స్. మీ ఇంట్లో బీరువాలో పడున్న పాత ఫోన్ కూడా ఆ మాత్రం మోస్తుంది. బొమ్మలు గీసే యాప్‌లు ఐబిస్ పెయింట్, స్కెచ్‌బుక్ రెండూ ఉచితంగానే దొరుకుతాయి, కంప్యూటర్ ఉంటే క్రిటా ఉంది. ఐప్యాడ్‌లో వాడే ప్రొక్రియేట్ యాప్ బాగుంటుంది నిజమే, కానీ దానికోసం ఐప్యాడ్ కొనక్కర్లేదు.

నిజంగా ఇబ్బంది పెట్టేది వేరే. మన వైజాగ్ ఉక్కకి అరచెయ్యి గ్లాసుకి అతుక్కుపోతుంది, గీత సగంలో ఆగిపోతుంది. చౌక స్టైలస్ (తెర మీద గీసే పెన్ను) అయితే చెయ్యి ఆనినచోట కూడా గీతలు పడతాయి. దానికి నా మందు, పాత కాటన్ సాక్సు కత్తిరించి చిటికెనవేలికి, అరచేతి అంచుకి తొడుక్కోవడం. చెయ్యి సాఫీగా జారుతుంది. గీతలు పడటం మాత్రం సాక్సు కాస్త మందంగా ఉంటేనే తగ్గుతుంది.

కొనాలనే నిశ్చయించుకుంటే ఒక్కటి చూసుకోండి, ఆ పెన్ను ఆ ట్యాబ్‌కి పనిచేస్తుందా లేదా. గాజువాక నుంచి వచ్చే ఒక రిటైర్డ్ పెద్దాయన ఒక షాపులో ట్యాబ్, పెన్ను కలిపి కొన్నారు. ఆ రెండూ ఒకదానికొకటి కలవవు. బాక్సు తెరిచారు కాబట్టి వెనక్కి తీసుకోం అని షాపువాళ్లు అన్నారట. ఆ పెద్దాయన రాత్రి పదింటికి ఫోన్ చేసి, "నాకే చేతకావట్లేదేమోనమ్మా, పెద్దవాణ్ణయిపోయాను కదా" అన్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది. మీ తప్పేం లేదు మాస్టారూ, అమ్మినవాళ్లు చెప్పాల్సిన మాట చెప్పలేదు అన్నాను. ఉదాహరణకి యాపిల్ పెన్సిల్ రెండో తరం, పదో తరం ఐప్యాడ్‌కి పనిచేయదు, మొదటి తరంది గానీ యూఎస్‌బీ-సీది గానీ కావాలి. శామ్‌సంగ్ ట్యాబ్ ఎస్6 లైట్‌కి పెన్ను బాక్సులోనే వస్తుంది, గీయడానికి దానికి చార్జింగ్ కూడా అక్కర్లేదు. డబ్బు కట్టకముందే మోడల్ నంబరు చూపించి, అక్కడే షాపులో గీసి చూడండి, మొహమాటపడకండి.

అసలు నష్టం డబ్బు పోవడం కూడా కాదు. అంత పెట్టి కొన్నాక గీత వంకరపోతే మనసు ఒప్పుకోదు. నా కథే చెప్తాను. నేను మొదటి ట్యాబ్ పన్నెండు నెలల ఈఎంఐలో కొన్నాను, కొన్నాక రెండు నెలలు దాన్ని ముట్టుకోలేదు. ప్రతి గీతకీ వాయిదా గుర్తొచ్చేది! ఇంతలో 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేదు, ట్యాబ్ చచ్చింది, ఫోన్ చచ్చింది. కొవ్వొత్తి వెలుగులో పాత క్యాలెండర్ కాగితం వెనక బాల్‌పెన్నుతో చేప పొలుసుల్లా అర్ధచంద్రాలు వేసుకుంటూ కూర్చున్నాను, వరుస మీద వరుస. పడిపోయిన చెట్ల గురించి, ఆఫీసు గురించి ఆలోచనలు వస్తూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. నా చెయ్యి తేలికపడింది ఆ క్యాలెండర్ మీద, ఈఎంఐ ట్యాబ్ మీద కాదు.

అపోహ: డిజిటల్‌లో అన్‌డూ (గీసిన గీతని వెంటనే వెనక్కి తీసేసే బటన్) ఉంది కాబట్టి టెన్షన్ ఉండదు.

వాస్తవం: తలకిందులు. ఒకే వంపుని పదకొండుసార్లు చెరిపి గీసినవాళ్లని చూశాను, పళ్లు బిగించి మరీ. మా అమ్మకి నా ట్యాబ్ ఇస్తే వేలితో మెలిక ముగ్గు మొదలుపెట్టింది. ఒకచోట మెలిక తప్పింది. అన్‌డూ చూపించబోతే, "ఇదేటే, ఇంతోటి దానికి చెరపడమేటి" అని ఆ తప్పినచోట ఒక పువ్వు పెట్టేసి ముందుకెళ్లిపోయింది. పదిహేను నిమిషాలు అన్‌డూ జోలికి పోకుండా గీయండి, అంతే. వణికే గీతని సాఫీ చేసే స్టెబిలైజర్ కూడా పూర్తిగా పెంచకండి, గీత మీ చేతి వెనక ఈడ్చుకుంటూ వస్తుంది, చిరాకు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సిమెట్రీ (ఒకవైపు గీస్తే మిగతా వైపులా అదే పడే ఏర్పాటు) వాడితే మోసమా అని అడుగుతారు. మోసం కాదు గానీ, ఎనిమిది వైపులా తనే గీసేస్తే రెండు నిమిషాల్లో తెర నిండిపోతుంది, ఇక మీరు చేసేదేముంది? పని మధ్యలో పిచ్చిగీతలు గీసేవాళ్లు ధ్యాస పెట్టరన్న మాట కూడా అంతే. 2009లో జాకీ ఆండ్రేడ్ అనే సైకాలజిస్టు 40 మందికి ఒక బోరు ఫోన్ సందేశం వినిపిస్తే, వింటూ బొమ్మల్లో గీతలు నింపినవాళ్లకి 29 శాతం ఎక్కువ గుర్తుందట. అది ఒక్క చిన్న ప్రయోగం, దాన్ని పట్టుకుని జ్ఞాపకశక్తికి టానిక్ అని ప్రచారం చేయకండి.

ఇంకోటి, డూడుల్స్‌తో డిప్రెషన్ తగ్గిపోతుందని వాట్సాప్‌లో తిప్పేవాళ్లకి దండం. మనసు కాస్త నెమ్మదిస్తుంది, నిజమే. కానీ చేతిలో ట్యాబ్లెట్ ఉంది కదా అని డాక్టరు రాసిన ట్యాబ్లెట్లు మానేయకండి. మరీ భారంగా ఉంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, మాట్లాడటానికి సిగ్గుపడాల్సిన పనే లేదు.

ఆదివారం ఆగిన ఆవిడ సంగతి మర్చిపోయాను. ఆవిడ ఫోన్‌లోనే ఐబిస్ పెయింట్ వేసి, 1050 పిక్సెల్స్ చదరం తెరిచి, వేలితో పొలుసులు వేయమన్నాను. ఆటో కోసం మెట్ల మీద కూర్చుని మొదలుపెట్టారు. మూడో వరుస సగంలో ఉండగా ఆటో వచ్చింది, అతను హారన్ కొట్టాడు. "ఒక్క నిమిషం బాబూ" అన్నారు, తల ఎత్తకుండానే.