‘ముందు సిలబస్ అవనివ్వండి సార్’: ఎంట్రన్స్ టైంటేబుల్‌పై అపోహలు, వాస్తవాలు

మొన్న ఒక తండ్రి స్టాఫ్ రూమ్‌కు వచ్చి, చుట్టగా చుట్టిన చార్టును నా బల్ల మీద పరిచారు. పక్కనే ఎంపీసీ ద్వితీయ సంవత్సరం చదివే కూతురు. చార్టు నిండా ఎరుపు, ఆకుపచ్చ స్కెచ్ పెన్నుల గళ్లు. తెల్లవారుజామున నాలుగు నుంచి రాత్రి పదకొండు దాకా ఒక్క గడీ ఖాళీ లేదు. ఫిబ్రవరి దాకా సిలబస్, ఆ తర్వాత పెద్ద అక్షరాలతో ‘రివిజన్, మాక్ టెస్టులు’. ఇరవై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. పిల్లలు మారుతున్నారు గానీ ఈ చార్టు మారదు.

అపోహ: సిలబస్ పూర్తయ్యాకే రివిజన్, టెస్టులు.

వాస్తవం: ఆ ‘తర్వాత’ రాదు. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, వాటి వెనకే ఐపీఈ (ఇంటర్ పబ్లిక్ పరీక్షలు), ఏప్రిల్‌లో జాతీయ ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ రెండో విడత, ఆపైన రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ (పాత పేరు ఎంసెట్, నా నోటికి ఇంకా అదే వస్తుంది). జేఈఈ మొదటి విడత జనవరిలోనే కదా! ఒక్క మాక్ టెస్టయినా రాయకుండా వెళ్తావా అమ్మా అంటే ఆ అమ్మాయి చార్టు వంక చూసి మాట్లాడలేదు.

ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. ఒక్కోదానికి 67.5 సెకన్లు. లాంగ్ ఆన్సర్‌ను తీరిగ్గా స్టెప్పులతో రాసే చేతికి ఆ వేగం చివరి నెలలో అబ్బదు. అందుకే నేను జూన్ నుంచే రోజూ చివరి గంట పాత పాఠానికి, ఆదివారం ఉదయం మూడు గంటలు టెస్టుకు పెట్టమంటాను. సాయంత్రం తప్పుల నోట్సు. తెలియక పోయినవి, తొందరలో పోయినవి, లెక్క తప్పి పోయినవి విడివిడిగా రాయాలి. టెస్టు కన్నా ఆ సాయంత్రమే విలువైనది. ఒక అబ్బాయి నోట్సు నెల తర్వాత తిరగేస్తే, పోయిన మార్కుల్లో సగం సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చక పోయినవే. పాపం, అతను అప్పటిదాకా నిద్ర తగ్గించుకుని ఫార్ములాలు బట్టీ పడుతున్నాడు.

అనుకోని ఆటంకం వస్తే సర్దుకోవడానికి వారంలో ఒక పూట ఖాళీగా ఉంచమని కూడా చెబుతాను. నేను ఎంసెట్ రాసిన ఏడాది ఆర్గానిక్ కెమిస్ట్రీ అంతా చివరి పదిహేను రోజులకు అట్టే పెట్టాను. సరిగ్గా అప్పుడే ఆటలమ్మ పోసింది. వేపాకుల మీద పడుకుని బెంజీన్ వలయాలు తలచుకుంటూ గడిపాను. ఆ ర్యాంకు గురించి మా నాన్నగారు ఇప్పటికీ ఎత్తుతారు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

‘ఫలానా టాపర్ పద్దెనిమిది గంటలు చదివాడట.’ ఎవరు చూశారు? ఏడు గంటలు నిద్రపోండి.

‘ఐపీఈ మార్కులతో పని లేదు.’ తెలంగాణ ఈఏపీసెట్ ర్యాంకులో ఆ మార్కుల వెయిటేజీ తీసేశారు, ఆంధ్రప్రదేశ్‌లో 25 శాతం ఉంది. ఎన్‌ఐటీ సీటుకైతే ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్ ఉండాల్సిందే.

‘రాని ప్రశ్న వదిలేయాలి.’ ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటీ వదలకండి. జేఈఈ మెయిన్‌లో తప్పుకు ఒక మార్కు కోత, అక్కడ ఆచితూచి పెట్టండి.

ఇంతా విన్నాక ఆ అమ్మాయి మెల్లగా, ‘ఆదివారం గళ్లు కొట్టేస్తే చార్టు పాడవుతుంది సార్’ అంది. వెనక్కి తిప్పి చూపించాను. అటువైపు తెల్లగానే ఉంది. ఈసారి పెన్సిల్‌తో వేసుకోమన్నాను.